పొరలో చోటు దొరికితే కాపలా కాసినట్లేనా?

డాలస్‌లో ఉండే మా వదిన మొన్న వేసవిలో వచ్చినప్పుడు అమ్మ కోసం మెలటోనిన్ గమ్మీల సీసా ఒకటి తెచ్చింది. అమ్మకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు. "ఉన్న మందులే మింగలేకపోతున్నాను, మళ్లీ ఇదొకటా" అని అమ్మ సణిగితే వదిన ఊరుకోలేదు. "ఇది నిద్రమాత్ర కాదు అత్తయ్యా. మన ఒంట్లో ఊరే హార్మోనే. ఒక్కో కణం పొరలోకి వెళ్లి కూర్చుని కాపలా కాస్తుంది" అంది. నా మొహంలో అనుమానం కనిపించిందేమో, ఆ రాత్రే ఒక వ్యాసం నా ఫోనుకు పంపింది.

చదివాను. అబద్ధాల పుట్ట అయి ఉంటే నవ్వి వదిలేసేవాడిని. అందులో శాస్త్రం చాలావరకు నిజమే, చిక్కంతా అక్కడే వచ్చింది. మెలటోనిన్ కణత్వచంలోకి, అంటే కణం చుట్టూ ఉండే పొరలోకి, చొరబడుతుందన్నారు, నిజం. అక్కడ ఒక ఫలానా చోట కుదురుకుంటుందన్నారు, నిజం. కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, ఫ్రీ రాడికల్స్‌తో చర్య జరుపుతుందన్నారు, పరీక్షనాళికలో అదీ నిజమే. ఈ మూడింటినీ వరుసగా పేర్చి, నాలుగో వాక్యంగా "అందువల్ల రోజూ తీసుకుంటే మీ కణాలు భద్రం" అని రాసేశారు. నా తగవు ఆ నాలుగో వాక్యంతోనే. డిగ్రీ విద్యార్థులకు బయోకెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాడిని, ఇటువంటి గెంతు కనిపిస్తే జవాబుపత్రం మీద ఎర్రసిరా పడకుండా ఉండదు.

చోటు సంగతి

ముందు మెలటోనిన్‌కు దక్కవలసిన మర్యాద ఇద్దాం. అది చాలా చిన్న అణువు, అణుభారం 232. నడుమ ఇండోల్ వలయం, దాని ఒక పక్కన మిథాక్సీ, ఇంకో పక్కన పొట్టి తోక, తోక కొసన ఎసిటైల్ తగిలించుకున్న అమైడ్. వలయం కొవ్వులో కలుస్తుంది, అమైడ్ నీటిని వెతుక్కుంటుంది. ఇలా రెండు గుణాలున్న అణువు నీటిలో నిలకడగా ఉండలేదు, కొవ్వు నట్టనడుమకూ పోలేదు. కణత్వచం మొత్తం మందం నాలుగైదు నానోమీటర్లు. పొరను కట్టే కొవ్వు అణువులు లిపిడ్లు. వాటి తలలు రెండు వైపులా నీటిని తాకుతూ, తోకలు లోపలికి తిరిగి ఉంటాయి. తలకూ తోకకూ మధ్య గ్లిసరాల్, కార్బొనిల్ ఉండే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. నీళ్లు అక్కడివరకు కొద్దికొద్దిగా వస్తాయి, ఆ లోపలికి రావు. మెలటోనిన్ ఎక్కువగా ఆ పట్టీ దగ్గరే ఆగుతుంది. వలయం తోకల మొదళ్లలోకి దూరుతుంది, అమైడ్ దగ్గరలో దొరికిన కార్బొనిల్‌నో ఫాస్ఫేటునో హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది.

పొరను దాటిపోవడం కూడా దానికి కష్టం కాదు. లిపిడ్ పొరలను మెలటోనిన్ ఎలా దాటుతుందో 1995లోనే బ్రెజిల్ పరిశోధకులు కొలిచారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోయా లియోనెంకో బృందం 2013లో న్యూట్రాన్లతోనూ కంప్యూటర్ నమూనాలతోనూ చూసి మరో ముచ్చటైన సంగతి చెప్పింది. కొలెస్టరాల్ పొరను మందంగా, క్రమంగా, బిగువుగా చేస్తే, మెలటోనిన్ పల్చబరుస్తుంది, వదులు చేస్తుంది. రెండూ ఒకే పొరలో ఉంటూ ఎదురెదురుగా లాగుతాయి. అల్జీమర్స్ వ్యాధిలో అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముక్కలు పొరకు అంటుకోవడంలో కొలెస్టరాల్ పాత్ర ఉందని అనుమానం కనుక, ఈ ఎదురులాగుడు మీద ఆసక్తి పుట్టడం సహజం.

ఈ కొలతలు ఎలా తీస్తారో దగ్గరగా చూస్తే గౌరవం పెరుగుతుంది. హైదరాబాద్‌లో లిపిడ్ పొరల మీద పనిచేసే మిత్రుడొకడు చూపించాడు. గోరంత సిలికాన్ పలక. క్లోరోఫాంలో కరిగించిన లిపిడ్, మెలటోనిన్ కలిపి దానిమీద ఒక చుక్క వేస్తాడు. క్లోరోఫాం ఎగిరిపోయాక సన్నని మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలో వేల పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. తేమ సరిపోకపోతే పొరలు బిగుసుకుంటాయి, ఎక్కువైతే జారిపోతాయి. అందుకని పలకను గంటల తరబడి తేమపెట్టెలో ఉంచి, ఆ తరువాతే ఎక్స్-రే కింద పెడతాడు. తెరమీద పడే గీతల ఎత్తుపల్లాల నుంచి ఎక్కడ ఎంత ఎలక్ట్రాన్ సాంద్రత ఉందో లెక్కగట్టి, ఖాళీ పొరకూ మందు కలిపిన పొరకూ మధ్య తేడా తీస్తాడు. ఆ తేడా ఎక్కడ ఉబ్బితే మన అణువు అక్కడ ఉన్నట్లు.

"నూటికి ఎన్ని పాళ్లు కలుపుతావు?" అని అడిగాను. "తక్కువ కలిపితే తేడా కనిపించదండీ. పది, ఇరవై, ఒక్కోసారి ముప్పై" అన్నాడు. అంటే లిపిడ్లు డెబ్బై ఉంటే మెలటోనిన్ ముప్పై. అతని తప్పేమీ లేదు. కనిపించాలంటే అంత వేయాల్సిందే. అతను అడుగుతున్న ప్రశ్న "ఎక్కడ" అన్నది మాత్రమే, దానికి ఆ మోతాదు చెల్లుతుంది. "ఎంత మేలు" అన్నది వేరే ప్రశ్న.

పద్నాలుగు అణువులు

వదిన పంపిన వ్యాసంలో లేని లెక్క ఒకటి ఇక్కడ వేస్తాను. కాగితం, పెన్ను ఉంటే ఎవరైనా వేసుకోవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి రక్తంలో నడిరేయి మెలటోనిన్ మోతాదు మిల్లీలీటరుకు 60 పికోగ్రాముల ప్రాంతం అనుకుందాం. మనిషిని బట్టి, వయసును బట్టి చాలా మారుతుంది, కానీ తరహా అదే. అణుభారంతో భాగిస్తే లీటరుకు సుమారు 0.26 నానోమోల్. ఒక ఎర్ర రక్తకణం ఘనపరిమాణం దాదాపు 90 ఫెమ్టోలీటర్లు. అంత ప్లాస్మాలో ఉండే మెలటోనిన్ అణువులెన్ని? అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే వచ్చేది పద్నాలుగు. పద్నాలుగు వేలు కాదు, పద్నాలుగే.

ఇక ఆ ఎర్ర రక్తకణం పొరలో లిపిడ్లెన్ని? కణం ఉపరితలం సుమారు 140 చదరపు మైక్రాన్లు. పొరకు రెండు వరుసలు, ఒక్కో లిపిడ్‌కు అర చదరపు నానోమీటరు చోటు, అందులో సగం దాకా ప్రోటీన్లు ఆక్రమించాయనుకున్నా ఇరవై కోట్లకు తక్కువ రావు. ఇరవై కోట్లంటే 2011 జనాభా లెక్కల నాటి ఉత్తరప్రదేశ్. అంతటి రాష్ట్రానికి పద్నాలుగు మంది పోలీసులను పంపి శాంతిభద్రతలు భేషుగ్గా ఉన్నాయని ప్రకటించినట్లుంటుంది ఈ కాపలా కథ.

పొర మెలటోనిన్‌ను నీటిలోంచి లాక్కుంటుంది కదా అని మీరు అడగవచ్చు. లాక్కుంటుంది, పదుల రెట్లలో. ఉదారంగా వంద రెట్లు ఇద్దాం, పద్నాలుగు కాస్తా పద్నాలుగు వందలవుతుంది. మిత్రుడి పలకమీద ఉన్నట్లు నూటికి పది కావాలంటే అదే కణానికి రెండు కోట్లకు పైగా అణువులు కావాలి.

కంప్యూటర్ నమూనాలకైతే ఇంకో చిక్కు. తరచూ వాడే పెట్టెలో 128 లిపిడ్లుంటాయి. అందులో ఒకే ఒక్క మెలటోనిన్ వేసినా దామాషా నూటికి 0.8 దగ్గరకు వస్తుంది. అంటే ఆ పద్ధతిలో వేయగలిగిన అతిచిన్న మోతాదు కూడా మన ఒంట్లోని దానికి వేల రెట్లు. ఇంకా తక్కువ వేద్దామంటే సున్నా తప్ప మరొకటి లేదు. ఆ నమూనా కూర్చునే తీరు చెబుతుంది, ఏ బంధాన్ని ఎంతసేపు పట్టుకుంటుందో చెబుతుంది. పొర గతి మారుతుందా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు ఉండదు.

మాత్ర వేసుకుంటే పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది. 2, 4 మిల్లీగ్రాముల మాత్రలతో చేసిన పరీక్షలో మింగినదానిలో నూటికి 15 పాళ్ల ప్రాంతమే రక్తానికి చేరింది, చేరినదానిలో సగభాగం ఒక గంటలోపే పోయింది. కాసేపు సహజ మోతాదుకు పది రెట్లో వంద రెట్లో ఉంటుందనుకున్నా, కోట్లకు దూరం దూరమే. పైగా సీసాలో ఎంత ఉందన్నది మరో కథ. 2023లో అమెరికాలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షిస్తే 22 రకాలు చీటీమీద రాసిన మోతాదుకు సరిపోలేదు. ఒకదానిలో అసలు మెలటోనినే లేదు.

అవతలివారి మాట

ఇంతటితో వాదన ముగిసిందని అనుకునేవాడిని, అవతలిపక్షం బలహీనంగా ఉంటే. అంత బలహీనంగా లేదు.

వారి మొదటి మాట ఇది: రక్తంలో మోతాదు చూసి కణంలో మోతాదు చెప్పకూడదు. న్యాయమే. మెదడులోని పీనియల్ గ్రంథి ఒక్కటే మెలటోనిన్ తయారు చేయదు. మెదడు కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు సొంతంగా మెలటోనిన్ తయారుచేసుకుంటాయని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. పైత్యరసంలో మోతాదు రక్తంలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువని 1999 నుంచీ తెలుసు. పీనియల్ పక్కనున్న మెదడు కుహరంలోని ద్రవంలోనూ అంతే. తయారైన చోటనే పొరలో కుదురుకుంటే నా పద్నాలుగు లెక్క ఆ పొరకు వర్తించదు. ఇక్కడ నా దగ్గర గట్టి జవాబు లేదని ఒప్పుకుంటాను. ఒక్క మాట మాత్రం చెబుతాను: మైటోకాండ్రియా తన అవసరానికి తాను తయారుచేసుకుంటుంటే, డాలస్ నుంచి వచ్చిన గమ్మీకి అక్కడ పనేమిటి?

రెండో మాట రసాయనానికి సంబంధించినది. మెలటోనిన్ పరిశోధకుడు రసెల్ రైటర్ బృందం 1993లో మెలటోనిన్ హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టేస్తుందని చూపించింది. పట్టాక తయారయ్యే పదార్థాలు కూడా మళ్లీ రాడికల్స్‌ను పడతాయి కనుక ఒక్కో అణువు పలుమార్లు పనికొస్తుందంటారు. బాగుంది. అయితే హైడ్రాక్సిల్ రాడికల్ ఎదురైన ప్రతిదానితోనూ చర్య జరుపుతుంది, చక్కెరతో, ప్రోటీన్‌తో, దేనితోనైనా. నానోసెకన్ల లెక్కన బతికే ఆ రాడికల్ మెలటోనిన్‌ను వెతుక్కుంటూ వెళ్లదు. కణంలో సహజంగానే ఉండే యాంటీఆక్సిడెంట్ గ్లూటథయోన్ మిల్లీమోల్ మోతాదుల్లో ఉంటుంది, అంటే రక్తంలోని మెలటోనిన్‌కు లక్షల రెట్లు. రాడికల్‌కు ముందు తగిలేది ఎవరో చెప్పనక్కరలేదు.

పొరను నిజంగా నాశనం చేసేది మరో రకం, లిపిడ్ పెరాక్సిల్ రాడికల్. ఒక తోక నుంచి పక్క తోకకు గొలుసుకట్టుగా పాకేది ఇదే. దీన్ని ఆపాలంటే సులువుగా విడిపోయే ఒక హైడ్రోజన్‌ను ఇవ్వగలగాలి. విటమిన్ ఇ వలయానికి ఉన్న హైడ్రాక్సిల్ ఆ పని చేస్తుంది. మెలటోనిన్‌లో అదే చోట ఉన్నది మిథాక్సీ. హైడ్రోజన్ ఉండవలసిన చోట మిథైల్ బిరడా పెట్టి ఉంది. పొరలో సరైన చోట కూర్చున్నా చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదన్నమాట. రసాయన శాస్త్రవేత్త కీత్ ఇంగోల్డ్ తదితరులు 1999లో ఈ సంగతిని పరీక్షించి, పెరాక్సిల్ గొలుసును తెంచే గుణం మెలటోనిన్‌కు లేదని తేల్చారు. పాతికేళ్లు దాటినా ఆ ఫలితం ప్రచారవ్యాసాల గడప తొక్కినట్లు లేదు. 2021లో మెలటోనిన్ పరిశోధకులు జాన్ బూతాన్, రాల్ఫ్ జోకర్స్ ఈ వివాదాలన్నీ తిరగతోడి, ఒంట్లో నేరుగా యాంటీఆక్సిడెంట్‌గా పనిచేస్తుందన్న మాటకు మోతాదుల లెక్కే అడ్డు తగులుతోందని ఇంచుమించు నేను పైన చెప్పిన కారణాలే చెప్పారు.

మరి జంతువుల మీద చేసిన వందలాది ప్రయోగాల్లో పొరలు బాగుపడినట్లు కనిపించింది కదా? కనిపించింది, వాటిని కొట్టిపారేయలేను. ఎలుకకు మెలటోనిన్ ఇస్తే కాలేయకణాల పొర బిగుసుకుపోకుండా నిలిచిందన్న ఫలితాలు పలు ప్రయోగశాలల నుంచి వచ్చాయి. కానీ ఫలితం కనిపించడం, ఆ ఫలితం పొరలో కూర్చున్న అణువు వల్లనే వచ్చిందని తేలడం ఒకటి కాదు. మెలటోనిన్‌ను పట్టుకునే ప్రోటీన్, అంటే గ్రాహకం, ద్వారా సంకేతం అంది, కణం తన సొంత రక్షణ ఎంజైములను పెంచుకుని ఉండవచ్చు. అదే అయితే పొరలో చోటు గురించిన కథ అక్కడ అనవసరం.

విటమిన్ ఇ నేర్పిన పాఠం

పొరలో చోటే రక్షణ అనుకుంటే గెలవాల్సింది విటమిన్ ఇ. పొడవైన కొవ్వు తోక లోపల పాతుకుని, వలయం సరిగ్గా నీటిసరిహద్దు దగ్గర ఉంటుందని న్యూట్రాన్ ప్రయోగాలు చూపించాయి. తోకల్లో పుట్టిన పెరాక్సిల్ రాడికల్ పైకి తేలి వచ్చేచోట అది కాచుకుని ఉంటుంది. ఒకసారి వాడుకున్నాక నీటివైపు నుంచి విటమిన్ సి వచ్చి తిరిగి దాన్ని సిద్ధం చేస్తుంది. చోటూ కుదిరింది, రసాయనమూ కుదిరింది. ఇంతకంటే చక్కటి అమరిక కాగితం మీద గీయలేం.

దాన్ని మనుషులకు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. గుండెజబ్బు ముప్పున్న 9,500 మందికి పైగా పాల్గొన్న హోప్ పరీక్షలో నాలుగున్నరేళ్ల తరువాత గుండెపోట్లు తగ్గలేదు. అది 2000 నాటి మాట. 35,000 మందికి పైగా మగవారితో చేసిన సెలెక్ట్ పరీక్ష 2011 ఫలితాల్లో, విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ నూటికి 17 పాళ్లు ఎక్కువగా తేలింది. తగ్గుతుందేమో చూద్దామని మొదలుపెట్టిన పరీక్ష అది. మనవైపు ఆ ఆకుపచ్చ క్యాప్సూళ్లను సూదితో పొడిచి మొహానికి రాసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు, వారి జోలికి నేను పోను.

దీనికీ ఎదురుమాట ఉంది. విటమిన్ ఇ లోపించిన పసికందుల ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం వైద్యులకు తెలిసిన సంగతే. అంటే పొరలో దాని కాపలా కల్పితం కాదు. ఉండవలసినంత ఉన్నప్పుడు పని జరుగుతుంది, పైన ఇంకా పోసినందువల్ల ఒరిగేదేమీ లేదు, ఒక్కోసారి చెరుపూ ఉంది. ఈస్ట్రోజెన్ కథ కూడా ఈ తీరుదే. వలయానికి హైడ్రాక్సిల్ ఉన్న హార్మోన్, పొరలోకి ఇట్టే దూరుతుంది, గుండెను కాపాడుతుందని గట్టిగా నమ్మారు. అమెరికాలో ఈస్ట్రోజెన్‌ను ప్రొజెస్టిన్‌తో కలిపి ఇచ్చిన పెద్ద పరీక్షను మేలుకంటే చెరుపే ఎక్కువని తేలి 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు.

పొర గుండా దారి

ఇంతకీ పొరలో మెలటోనిన్ చోటు గురించి పరిశోధించడం వృథా అంటున్నానా? అస్సలు కాదు. ఆ పరిశోధనకు అసలైన విలువ వేరేచోట బయటపడింది, దాని గురించి మాత్రం ఎవరూ ఫోన్లలో పంచుకోరు.

ఈ అణువు చరిత్ర మొదటినుంచీ సంకేతం చరిత్రే. 1917లో మెకార్డ్, ఆలెన్ ఆవు పీనియల్ సారం కలిపిన నీటిలో కప్పపిల్లలను వేస్తే వాటి చర్మం తెల్లబారింది. యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ చర్మపు రంగుజబ్బులకు మందు దొరుకుతుందేమోనని ఆ పదార్థం వెంట పడి, పశువుల పీనియల్ గ్రంథులను వేలాదిగా నూరి 1958లో మెలటోనిన్‌ను వేరుచేశారు. వేరుచేసే దారిలో ఆయనకు తోడుగా ఉన్న కొలబద్ద కప్పచర్మమే. లేశమాత్రం తగిలితే చాలు, చర్మకణంలోని నల్లని రేణువులు నడిమికి చేరిపోతాయి. అంత తక్కువ మోతాదుకు కణం అంత పెద్దగా స్పందించిందంటే అది గ్రాహకం పని. పొరను నింపి సాధించేది కాదు.

మనిషిలో ఆ గ్రాహకాలు రెండు, ఎంటీ1, ఎంటీ2. వీటి ఆకృతులు 2019లో ఎక్స్-రే లేజర్ సాయంతో తేలాయి. ఎంటీ1 ఆకృతి చూసినవారు ఆశ్చర్యపోయారు. ఇటువంటి గ్రాహకాలు చాలావాటికి తలుపు బయటివైపు, నీటిలోకి తెరుచుకుని ఉంటుంది. ఎంటీ1కు బయటి తలుపు దాదాపు మూసుకుపోయింది. పక్కన, గ్రాహకపు ప్రోటీన్ గొలుసు నాలుగో మెలికకూ ఐదో మెలికకూ నడుమ, సన్నని సందు ఒకటి పొరలోకి తెరుచుకుని ఉంది. మెలటోనిన్ ముందు పొరలోకి దిగి, అక్కడి నుంచి పక్కదారిన గ్రాహకంలోకి జారుతుందన్నమాట. తలకూ తోకకూ మధ్య పట్టీలో అది ఎంతసేపు నిలుస్తుంది, ఏ వైపు తిరిగి ఉంటుంది, కొలెస్టరాల్ ఎక్కువున్న చోట కదలిక మందగిస్తుందా అన్న ప్రశ్నలన్నిటికీ ఇప్పుడు ప్రాణం వచ్చింది. పద్నాలుగు అణువులు పొరను మార్చలేవు. ఆ సందులోంచి ఒకటి జారినా కణం తీరు మార్చగలదు.

అమ్మ ఆ గమ్మీలు కొన్నాళ్లు వాడింది. త్వరగా నిద్ర పట్టిందో లేదో ఆవిడకే సరిగా తెలియదు. 1,683 మందితో చేసిన 19 పరీక్షలను 2013లో కలిపి చూస్తే, నిద్ర పట్టడానికి పట్టే సమయం సగటున 7 నిమిషాలు తగ్గినట్లు తేలింది. గడియారం చూసుకునే అలవాటు లేనివారికి తెలిసే తేడా కాదది. అమెరికా విమానం దిగినవారికి పగలూ రాత్రీ తారుమారైనప్పుడు మాత్రం మెలటోనిన్ నిజంగా సాయపడుతుంది, ఆ సంగతి వదినకు నేనే చెప్పాను. అదీ గ్రాహకం చలవే.

నా అభిప్రాయం మారడానికి ఏం కావాలో కూడా చెబుతాను. కణాలను పెంచి, వాటికి నానోమోల్ మోతాదులోనే మెలటోనిన్ ఇవ్వాలి. రెండు గ్రాహకాలనూ వాటికి అడ్డుపడే లుజిండోల్ అనే పదార్థంతో మూసేయాలి, లేదా ఆ జన్యువులనే తీసేయాలి. అప్పుడు కణాలమీద ఆక్సీకరణ దెబ్బ వేయాలి. అయినా పొరలోని లిపిడ్లు చెడకుండా నిలిస్తే, రక్షణ ఎంజైములు పెరగలేదని కూడా రుజువైతే, పొరలో కూర్చున్న అణువే కాపాడిందని ఒప్పుకుంటాను. దానికి వేల, లక్షల రెట్లుండే మైక్రోమోల్, మిల్లీమోల్ మోతాదులతో వచ్చే ఫలితాలు ఎన్ని పంపినా, వదినా, నా జవాబు ఇదే.